అత్త ఒప్పుకోని నింద

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ముంబై లోకల్ రైల్లో అందింది. ఆఫీసుకు వెళ్తూ, ఆడవాళ్ల డబ్బాలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఫోన్ మా నాయినది. ఫోన్‌లో గట్టిగా అరిచి మాట్లాడటం ఆయన అలవాటు. ఆ పొద్దు గొంతు వినబడీ వినబడనట్టు ఉంది. "చెల్లె పోయింది బిడ్డా," అన్నాడు. నాతో మాట్లాడేటప్పుడు ఆమెను ఎప్పుడూ ‘మీ అత్త’ అనే అనేవాడు. ‘చెల్లె’ అనడం నేను మొదటిసారి విన్నాను. దాదర్‌లో దిగి, ఎదురు బండి పట్టుకుని కామాఠిపురా వెళ్లాను.

ఆమెను ఆస్పత్రి నుంచి ఆమె ఉండే చాల్‌కు, ఆ వరుస గదుల పాత మేడకు, తెచ్చేసరికి గ్యాలరీ నిండా జనం. కింద పాడె కడుతున్నారు. నా వెనక నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"గప్పుడు నడుంల సూది పొడిచిండ్రు సూడు, అదే తిన్నది ఆమెను."

"అవ్ బాయీ. కిడ్నీకి సూది పెట్టిచ్చుకుంటే మనిషి ఖలాసే."

శవం ఎదుట వాదించడం ఇష్టం లేక ఊరుకున్నాను. కానీ ఆ మాట అత్త బతికున్నన్నాళ్లు ఎవరినీ అననివ్వలేదు. ఎవరైనా అంటే వంట మధ్యలో లేచి వచ్చి మరీ దిద్దేది. ఇప్పుడు దిద్దడానికి ఆమె లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త పుట్టింది, పెరిగింది, విధవరాలైంది అన్నీ ఆ ఒక్క ఖోలీలోనే. మా తాత పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి ఆ గది కిరాయికి తీసుకున్నాడట. అత్త మొగుడు ఇళ్లకు రంగులు వేసేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆమె ఖానావళి పెట్టింది. అంటే ఊళ్లో పెళ్లాం పిల్లల్ని వదిలి వచ్చి, ఇక్కడ బిల్డింగుల మీద పనిచేసే మనవాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టడం. మధ్యాహ్నం గ్యాలరీలో గోడవారగా వరుసగా కూర్చునేవాళ్లు. జొన్నరొట్టె, పప్పు, ఎల్లిపాయ కారం, ఉన్ననాడు చేపల పులుసు. అత్త రొట్టె చరిచే చప్పుడు కింద గల్లీలోకి వినిపించేది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఆ చప్పుడు వింటే అన్నం తయారన్నమాట.

ఆమెకు ఒక నియమం ఉండేది. తినకముందు ఎవరినీ ఏమీ అడిగేది కాదు, ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఊరి నుంచి చెడ్డ కబురు వచ్చినా సరే, ఆ మనిషి చేయి కడుక్కునే దాకా మనసులోనే పెట్టుకునేది. "కడుపుల పడ్డంక ముచ్చట" అనేది. ఒకసారి ఒకాయన తల్లి పోయిందన్న ఫోన్ వచ్చింది. ఆయనకు రొట్టె మీద రొట్టె వేస్తూ, మొఖంలో ఏమీ కనబడనీయకుండా కూర్చుంది. తిన్నాక భుజం మీద చేయి వేసి చెప్పింది. ఆయన ఏడుస్తూనే, "నువ్వు ముందే చెప్పాల్సింది అక్కా, నేను తినకపోదును," అన్నాడు. "అందుకే చెప్పలే. ఊరు దాకా పొయ్యే బలముండాలె గదా," అంది అత్త.

మాతో తెలుగు, కూరగాయలామెతో మరాఠీ, గ్యాస్ బండివాడితో హిందీ మాట్లాడేది. తిట్టేటప్పుడు మాత్రం మూడూ కలిసిపోయేవి. ఆమె చేతుల్లో పెరిగినదాన్ని కాబట్టి మూడు భాషల్లోనూ తిట్లు తిన్నాను.

ఆమె కాళ్లు ఉబ్బడం మొదలైనప్పుడు మేమెవరం పట్టించుకోలేదు. పొయ్యి ముందు కూర్చునే మనిషి, కాళ్లు వాయవా అనుకున్నాం. తర్వాత పొద్దున కళ్ల కింద కూడా ఉబ్బు కనబడసాగింది. మూత్రం నురగ వస్తోందని ఒకనాడు నా చెవిలో చెప్పింది. దగ్గర్లోని పెద్ద సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. పరీక్షలన్నీ చేశాక అక్కడి పెద్ద డాక్టరమ్మ, మూత్రపిండంలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూడాలి అంది. ఏ జబ్బో తెలియకుండా మందివ్వడం చీకట్లో రాయి వేయడమే అని కూడా అంది.

మా నాయిన ససేమిరా అన్నాడు. ఆయన జీవితమంతా సెంట్రింగ్, ప్లాస్టరు పనులు చేశాడు. "తడిసిన గోడకు మేకు కొడితే పెచ్చులూడుతయి. ఆల్రెడీ ఖరాబున్న కిడ్నీని మళ్ల పొడుస్తరా?" అన్నాడు.

అత్త నవ్వింది. "గిన్నె మూత తియ్యకుంట ఉప్పు సరిపోయిందో లేదో ఎట్ల చెప్తరన్నా? తియ్యనీ."

పరీక్ష చేసింది ఒక కుర్ర డాక్టరు. నాగపూర్ వైపు పిల్లవాడు, అత్తను ఆజీ, అంటే అవ్వా, అని పిలిచేవాడు. ముందురోజే మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. బోర్లా పడుకోవాలి, నడుం దగ్గర మొద్దుబారేందుకు ఇంజెక్షన్ ఇస్తారు, ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టాలి, టక్ మని చప్పుడవుతుంది, భయపడొద్దు. అయ్యాక వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. మొదట్లో మూత్రం కాస్త ఎర్రగా రావచ్చు, చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. కొందరికి మాత్రం లోపల నాళం దెబ్బతిని నెత్తురు ఆగదు. అది ఇంటికి వెళ్లాక, కొన్నాళ్లకు కూడా మొదలుకావచ్చు. "మళ్లీ ఎర్రగా కనబడితే, కళ్లు తిరిగితే, నడుం నొప్పి లేస్తే వెంటనే రావాలి ఆజీ. బరువులు ఎత్తొద్దు." నేను అక్కడే ఉన్నాను. ఆ మాటలు నా చెవులతో విన్నాను. అత్త కూడా బుద్ధిగా తలూపింది.

పరీక్ష బాగానే జరిగింది. మూత్రం ఒకసారి లేత ఎరుపుగా వచ్చి తేటపడింది. ఇంటికి పంపించారు. ఇంట్లో అత్త కొన్నాళ్లు పడుకుంది. తర్వాత ఖానావళి మనుషులు బయట వడాపావ్ తిని కడుపులు పాడు చేసుకుంటున్నారని లేచి పొయ్యి వెలిగించింది. పొద్దున నల్లా వచ్చే వేళ హండా నిండా నీళ్లు పట్టి తనే ఎత్తింది. పక్క ఖోలీ ఆమె చూసి అరిచిందట. "ఏమైతలేదు పోవే," అందట అత్త.

ఒక ఆదివారం నేనుండే వర్లి నుంచి ఆమెను చూడటానికి వెళ్లాను. గ్యాలరీ చివరన అందరికీ కలిపి ఉన్న సండాసు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది. పెదాలు తెల్లబారిపోయాయి. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడింది.

"ఏమైంది అత్తా?"

"వస్తలేదు బిడ్డా. ఒంటికి పోదామంటే వస్తలేదు. పొత్తికడుపు రాయి లెక్క అయింది."

"ఎప్పటి నుంచి?"

"వచ్చుడు బందైంది ఇయ్యాల్నే. ఎర్రగ వచ్చుడు మొన్నటి సంది."

"మొన్నటి నుంచా? ఎందుకు చెప్పలే?"

ఆమె నా మొఖం చూడలేదు. "చెప్తే మీ నాయిన ఊకుంటడా? మనోళ్లందర్నీ జమ చేసి ఆ పిలగాని మీదికి పోతడు. తగ్గుతదేమో అని సూసిన."

లోపలొకటి పైకొకటి మాట్లాడే మనిషి కాదు అత్త. కానీ ఆ రెండు రోజులూ ఆమె ఏం చేసిందో ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను. సండాసుకు పోయి, ఎర్రటి నీళ్లు చూసి, బకెట్టుతో గబగబా కడిగేసి, వచ్చి అందరికీ రొట్టెలు వడ్డించింది. ఎదుటివాళ్లు తినేదాకా చెడ్డ కబురు దాచే అలవాటు ఆమెది. ఈసారి కబురు ఆమె ఒంట్లోనే ఉంది.

టాక్సీలో దవాఖానకు చేరేసరికి ఆమెకు సరిగా తెలివి లేదు. నెత్తురు గడ్డలు మూత్రం దారికి అడ్డం పడ్డాయన్నారు. గొట్టం వేసి, నీళ్లు ఎక్కించి కడిగారు. సంచి నిండా నెత్తురే వచ్చింది. రక్తం ఎక్కించారు. కుర్ర డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. అత్త కడుపు మీద మిషను పెట్టి చూస్తూ, ఒకే చోట మళ్లీ మళ్లీ ఆపాడు.

సూది పోయిన దారిలో ఒక సన్నటి ధమని గోడ చిరిగింది. ఆ చిరుగు దగ్గర నెత్తురు బుడగలా ఉబ్బి, అందులోంచి మూత్రం దారిలోకి కారుతోంది. పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. ఇలాంటివి కొన్ని వాటంతట అవే మూసుకుంటాయి, కొంచెం ఆగి చూద్దాం అంది. ఆగకపోతే ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, లోపలి నుంచే ఆ కొమ్మను మూసెయ్యాలి. అయితే అందులో రెండు ఇబ్బందులున్నాయి. నాళాలు కనబడటానికి ఎక్కించే రంగుమందు బలహీనంగా ఉన్న మూత్రపిండాలకు మంచిది కాదు. మూసేసిన కొమ్మ మీద బతికే భాగం ఎండిపోతుంది.

"మరి మూయకపోతే?" అన్నాను.

"నెత్తురు పోతూనే ఉంటే మనిషే మిగలదు," అందామె.

ఈ మాటలు జరుగుతుండగానే వార్డు తలుపు దగ్గర గోల మొదలైంది. మా నాయిన, ఆయన వెనక ఖానావళిలో తినే పదిమంది. పని మీద నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, కాళ్లకు సిమెంటు ఉంది. "ఏడున్నడు వాడు? పొడిచినోడు ఏడున్నడు?" అని ఒకాయన కేకలు వేస్తున్నాడు. కావలివాడు చేతులు అడ్డం పెట్టాడు. కుర్ర డాక్టరు పారిపోలేదు. అత్త మంచం పక్కనే, పాలిపోయిన మొఖంతో నిలబడ్డాడు. మా నాయిన ఆయన కాలరు అందుకునేంత దగ్గరికి వచ్చాడు.

అప్పుడు అత్త కళ్లు తెరిచింది. గొంతు లేదు, అయినా అందరికీ వినబడింది.

"అన్నా, ఆ పిలగాన్ని ముట్టుకున్నోనికి నా చేతి రొట్టె బందు. నీకు గూడ బందు."

మా నాయిన ఆమె వైపు తిరిగాడు.

"ఎర్రగైతే ఉరికిరా అని ఆయన చెప్పిండు. నేను పోలే. నేనే దాచిన. కొట్టాలంటే నన్ను కొట్టుండ్రి."

మా నాయిన చేయి దించాడు. కేకలు వేసిన ఆయన గోడకు తిరిగి కండువాతో మొఖం తుడుచుకున్నాడు. తర్వాత వాళ్లలో నలుగురు కిందికి పోయి ఆమె కోసం రక్తం ఇచ్చి వచ్చారు.

ఎంత ఎక్కించినా రక్తం నిలవలేదు. బీపీ పడిపోతూ వచ్చింది. ఇక ఆగలేమన్నారు. పెద్ద డాక్టరమ్మ అత్తకే నేరుగా చెప్పింది, కిడ్నీలో కొంత ముక్క పోతుందని. అత్త "మిగిలింది పని జేస్తదా?" అని అడిగింది. "చేస్తుందనుకుంటున్నాం. ఖాయంగా చెప్పలేను," అందామె. "చెప్పలేనని చెప్పినవ్ సూడు, గదే చాలు. కానియ్యి," అంది అత్త.

లోపల ఏం జరిగిందో తర్వాత ఆమె నోటనే ఎన్నోసార్లు విన్నాం. చల్లటి గది. తొడ మొదట్లో చిన్న గాటు, అందులోంచి దారమంత గొట్టం. రంగుమందు పోసినప్పుడు ఒళ్లంతా వేడినీళ్లు కుమ్మరించినట్టైందట. మెలకువగానే ఉంది కాబట్టి తల తిప్పి తెర చూసింది. అందులో తన కిడ్నీ నాళాలు ఎండిన చింతకొమ్మల్లా కనబడ్డాయట. ఒక కొమ్మ చివర నల్లటి కాయలాంటిది వేలాడుతోంది. "గదే దొంగ," అన్నాడట ఆ పని చేసే డాక్టరు మరాఠీలో. గొట్టంలోంచి వెంట్రుకంత సన్నటి లోహపు తీగను పంపి, అక్కడ చుట్టలు చుట్టుకునేలా వదిలాడు. మళ్లీ రంగు పోసి చూస్తే కాయ కనబడలేదు. కుర్ర డాక్టరు అంతసేపూ ఆమె తల దగ్గరే నిలబడ్డాడు. అక్కడ ఆయనకు పనేమీ లేదట.

మరునాటి నుంచి మా నాయిన మంచం కింద వేలాడే మూత్రం సంచి ముందు కూర్చున్నాడు. మామూలుగా అలాంటివి చూస్తే మొఖం తిప్పుకునే మనిషి. వచ్చిన ప్రతివాళ్లకూ రంగు చెప్పేవాడు. పొద్దున దానిమ్మ రసం లెక్క ఉండే, ఇప్పుడు చాయ్ లెక్క అయింది అని. ఒకరోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. "పచ్చగైంది బిడ్డా, పచ్చగైంది," అంటూ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

కుర్ర డాక్టరు రోజూ వచ్చేవాడు గానీ చార్టు చూసి తల వంచుకుని వెళ్లిపోయేవాడు. ఒకనాడు అత్త ఆయన కోటు కొస పట్టుకుని ఆపింది. "డాక్టర్ సాబ్, నా మొఖం సూస్తలేవు. తప్పు జేసిన్నని నాకు సిగ్గుండాలె గాని నీకెందుకు?" అంది తన మరాఠీలో. ఆయన మంచం అంచున కూర్చున్నాడు. తన చేతి మీద ఇలా కావడం ఇదే మొదటిసారి అన్నాడు. పరీక్షలు చేయడానికి భయమేస్తోందన్నాడు. అత్త "తిన్నవా?" అని అడిగింది. లేదన్నాడు. ఆమె కోసం నేను తెచ్చిన డబ్బాలో సగం ఆయనకు పెట్టించింది. తిన్నాక చెప్పింది: "భయముంటేనే మంచిగ జేస్తవ్. బంజేయకు."

తీసిన ముక్కలో జబ్బేమిటో తెలిసింది. మందుకు లొంగే రకమే. ఆ మందులకు అత్త మొఖం గుండ్రంగా ఉబ్బింది, కోపం పెరిగింది, చక్కెర జబ్బు వచ్చింది. అయినా కాళ్ల వాపు పోయింది. కొన్నేళ్లు మళ్లీ రొట్టెలు చరిచింది. హండా మాత్రం ఎవరో ఒకరు ఎత్తి పెట్టేవాళ్లు. కొత్తగా తినడానికి వచ్చిన ప్రతివాడికీ తన కథ చెప్పేది, తిన్నాకే. చివర ఒకే మాట అనేది: "సగం చెప్పిన నిజం సగం ఉడికిన అన్నమసొంటిది. తిన్నోని కడుపే నొస్తది."

తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులు పనిచేయలేదు. డయాలిసిస్‌కు తిప్పాం. ఆ ఎండిపోయిన ముక్క ఉండి ఉంటే ఇంకొన్నాళ్లు గడిచేదా అని పెద్ద డాక్టరమ్మను అడిగాను. జబ్బు రెండు కిడ్నీల్నీ తినేసింది, సూది పడింది ఒక్కదానికే అంది. అయినా తేడా అసలే లేదని ప్రమాణం చేయలేనంది. ఆ జవాబు నాలో ఇంకా ములుకులా ఉంది. సూదికి ఏ పాపమూ లేదని నేనూ ప్రమాణం చేయలేను. సూది లేకపోతే ఆ మధ్య గడిచిన ఏళ్లు ఉండేవి కావని మాత్రం తెలుసు. చివరికి ఊపిరితిత్తుల్లో చేరిన జ్వరం ఆమెను తీసుకుపోయింది.

పోవడానికి కొద్ది వారాల ముందు జరిగినది చెప్పి ముగిస్తాను. ఆ రోజు వార్డు తలుపు దగ్గర కేకలు వేసిన ఆయన తర్వాత భార్యాబిడ్డల్ని ఇక్కడికే తెచ్చుకుని, పక్క చాల్‌లో ఉంటున్నాడు. పదో తరగతి చదివే ఆయన కూతురికి మొఖం ఉబ్బుతోంది. డాక్టర్లు అదే పరీక్ష చేయాలన్నారు. ఆయన ఒప్పుకోవడం లేదు. కళ్లారా చూసినవాడు, ఎలా ఒప్పుకుంటాడు? అత్తకు తెలిసి ఇద్దర్నీ పిలిపించింది. డయాలిసిస్ నుంచి వచ్చిన మధ్యాహ్నం అది. లేవలేక చాప మీద పడుకుని ఉంది.

"అక్కా, నీకైనట్టు నా బిడ్డకైతే?" అన్నాడాయన.

"కావొచ్చు," అంది అత్త. "కాదని నేను చెప్ప. శానమందికి కాదన్నరు, నాకైంది. అయినా పట్టుకునేటోళ్లున్నరు, మూసేటోళ్లున్నరు. దాచిపెడితేనే దొరకదు." తర్వాత పిల్ల వైపు తిరిగింది. "బేటా, ఎర్రగ కనబడితే మీ నాయినకు జెప్తవా?"

పిల్ల తలూపింది. తండ్రి చెప్పులేసుకుని గ్యాలరీలోకి వెళ్లి నిలబడ్డాడు. మొన్న అత్త పదకొండోనాటి భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి, సోమవారం పిల్లను దవాఖానలో చేర్పిస్తున్నాను, నువ్వు తోడొస్తావా అని అడిగాడు. వస్తానన్నాను. నాకు భయంగానే ఉంది.

ఆ మధ్యాహ్నం తండ్రి బయటికి వెళ్లాక పిల్ల మెల్లగా అడిగింది, "నొప్పి లేసిందా ఆజీ? ఏడ పొడిచిండ్రు?" అత్త నా చేయి ఆసరాతో గోడ వైపు ఒత్తిగిల్లి, నడుం మీద నుంచి చీర కొంగు పక్కకు లాగింది. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా వంగింది. ముడతలు పడ్డ ఆ చర్మం మీద ఏ గుర్తూ లేదు. చూపుడువేలు ఆనించి, ఒక్కో ముడతా సవరిస్తూ, "ఈడనా? ఈడనా?" అని వెతుకుతూ పోయింది. అత్తకు చక్కిలిగింత అయినట్టుంది, గోడ వైపు మొఖం పెట్టుకుని నవ్వుతోంది.